క్రియోన్: ‘యాంటిగొని’ నాటకంలో రాజు

గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ (సుమారు క్రీ.పూ. 496–406) రాసిన ‘యాంటిగొని’ విషాద నాటకంలో థీబ్స్ నగరానికి రాజు క్రియోన్. నాటకానికి పెట్టింది యాంటిగొని పేరే అయినా, రంగం మీద ఎక్కువసేపు కనిపించేదీ ఎక్కువ మాట్లాడేదీ క్రియోనే. 1,350 పాదాలకు కాస్త పైబడ్డ ఈ నాటకంలో 940వ పాదం దాటగానే యాంటిగొనిని రాతిగుహకు తీసుకుపోతారు. మళ్లీ ఆమె కనిపించదు. అక్కణ్ణుంచి చివరిదాకా నడిచేదంతా రాజు కథే.

ఈ నాటకాన్ని క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఆడారని పండితుల లెక్క. ఇది అంతగా నచ్చబట్టే ఏథెన్స్ జనం సోఫోక్లీస్‌ను సేనానిగా ఎన్నుకున్నారని పాతకాలం నుంచి ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, సామోస్ ద్వీపంతో యుద్ధం వచ్చినప్పుడు ఆయన ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్‌తో పాటు సేనానిగా పనిచేసిన మాట నిజం. అంతకు కొద్దికాలం ముందు ఏథెన్స్ కూటమి ఖజానాను చూసే అధికారుల్లోనూ ఆయన ఒకడు. గద్దె మీద కూర్చున్నవాడి భయాలు ఎలా ఉంటాయో దగ్గర్నుంచి చూసిన మనిషి రాసిన రాజు పాత్ర ఇది.

క్రియోన్‌ను నడిపించినదేమిటి? అధికార దాహం అని తేల్చేస్తే అతని మొదటి ప్రసంగాన్ని వదిలేసినట్టే. దేశక్షేమం అంటే ఆ తర్వాతి సన్నివేశాలన్నీ వదిలేయాలి. నాటకం చూపించేది మధ్యలో జరిగిన జారుడును. ఊరి మేలు కోసం అని మొదలుపెట్టిన మాట, ఎదురుచెప్పిన ప్రతి మనిషితోనూ కొంత కొంత రూపు మారి, చివరికి తన మాట నెగ్గడమే ఊరి మేలు అనే దగ్గర ఆగుతుంది.

కొత్త రాజు

తండ్రిని చంపి తల్లి జొకాస్టాను పెళ్లాడానని తెలిసి థీబ్స్ పాత రాజు ఈడిపస్ కళ్లు పొడుచుకున్నాడు. తర్వాత అతని కొడుకులు ఇటియోక్లీస్, పాలినీసిస్ గద్దె కోసం తగువుపడ్డారు. పాలినీసిస్ ఆర్గోస్ చేరి, అక్కడి రాజుకు అల్లుడై, ఆ సైన్యాన్ని సొంత ఊరి మీదికే తెచ్చాడు. కోట ద్వారం దగ్గర అన్నదమ్ములు ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. శత్రువులు రాత్రికి రాత్రి పారిపోయారు. తెల్లవారేసరికి రాజవంశానికి మిగిలిన మగదిక్కు జొకాస్టా తోబుట్టువు క్రియోన్. ఈడిపస్ కూతుళ్లు యాంటిగొని, ఇస్మీనీలకు అతను మేనమామ. అతని కొడుకు హేమన్‌కూ యాంటిగొనికీ పెళ్లి కుదిరి ఉంది. తెలుగువాళ్లకు ఈ వరస విడమర్చి చెప్పక్కర్లేదు, మేనరికం. సొంత మేనకోడలు, కాబోయే కోడలు, రెండూ ఆమే అన్న సంగతి మనకు తగిలినంత గట్టిగా మరో దేశపు ప్రేక్షకుడికి తగలకపోవచ్చు.

చనిపోయిన మేనల్లుళ్లకు దగ్గరి చుట్టం కావడం వల్లే గద్దె తనకు వచ్చిందని క్రియోన్ స్వయంగా చెప్పుకుంటాడు. యుద్ధంలో గెలిచి తెచ్చుకున్నదీ కాదు, జనం ఎన్నుకున్నదీ కాదు. రాజుగా అతని వయసు కొద్ది గంటలు. ఆ గంటల్లోనే మొదటి ఆజ్ఞ వేశాడు: ఊరి కోసం పోరాడిన ఇటియోక్లీస్‌కు సకల లాంఛనాలతో అంత్యక్రియలు, ఊరి మీదికి దండెత్తిన పాలినీసిస్‌ను పూడ్చకూడదు, అతని కోసం ఏడవకూడదు, శవం కుక్కలకూ పక్షులకూ వదిలేయాలి. మీరినవాళ్లను ఊరి నడుమ రాళ్లతో కొట్టి చంపుతారు.

ఇది రాక్షసుడికి తోచిన ఆజ్ఞ మాత్రం కాదు. ద్రోహులను తమ ప్రాంతమైన అట్టికా మట్టిలో పూడ్చనివ్వని ఆచారం ఏథెన్స్‌లోనే ఉండేది. పర్షియన్ల మీద సలామిస్ యుద్ధం గెలిపించిన థెమిస్టొక్లీస్‌ను తర్వాత ద్రోహి అన్నారు. అతను పరదేశంలో చనిపోతే బంధువులు ఎముకల్ని దొంగచాటుగా తెచ్చి అట్టికాలో పూడ్చారని చెప్పుకునేవారని చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. కాబట్టి మొదటి ఆజ్ఞ వినగానే ప్రేక్షకుల్లో కొందరైనా తలలూపి ఉంటారు. క్రియోన్ హద్దు దాటింది వేరేచోట. శవాన్ని పొలిమేర అవతల పారేయించి ఊరుకుంటే అయినవాళ్లు ఏదో ఒకటి చేసుకునేవాళ్లు. అతను కాపలా పెట్టించి కళ్లెదుటే కుళ్లనిచ్చాడు. మన యుద్ధకాండలో రావణుడికి అంత్యక్రియలు చేయడానికి విభీషణుడు వెనకాడితే గెలిచిన రాముడే నచ్చజెప్పి చేయిస్తాడు. ఆ ఘట్టం వింటూ పెరిగినవాళ్లకు క్రియోన్ తప్పు మొదటి నిమిషంలోనే కనబడుతుంది. ఏథెన్స్ ప్రేక్షకుడు అక్కడికి చేరడానికి కొంత దూరం నడవాలి. సోఫోక్లీస్ ఆ దూరాన్ని జాగ్రత్తగా కొలిచి పెట్టాడు.

మొదటి ప్రసంగం

క్రియోన్ రంగం మీదికి వచ్చి చేసే మొదటి పని ఊరి పెద్దలను ప్రత్యేకంగా పిలిపించుకుని మాట్లాడటం. రాజ్యాన్ని తుపాను దాటి వచ్చిన ఓడలా వర్ణిస్తాడు. పదవిలో పెట్టి చూడందే మనిషి స్వభావం బయటపడదని అంటాడు. ఊరికంటే స్నేహితుణ్ణి ఎక్కువ చేసుకునేవాడు ఎందుకూ కొరగాడని అంటాడు. భయపడి నోరు మూసుకునే పాలకుడు అధముడని కూడా అంటాడు.

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. వందేళ్ల తర్వాత క్రీ.పూ. 343లో మహావక్త డెమోస్తనీస్ ఏథెన్స్ న్యాయస్థానంలో ఈ ప్రసంగాన్నే చదివించి వినిపించాడు. అతను నిందిస్తున్న రాయబారి ఏస్కినీస్ ఒకప్పుడు నటుడు, నాటక బృందంలో మూడో నటుడిగా క్రియోన్ వేషం కట్టినవాడు. అన్నిసార్లు రంగం మీద వల్లించిన నీతిని రాయబారంలో మరిచిపోయాడే అన్నది డెమోస్తనీస్ ఎత్తిపొడుపు. విషాద నాటకాల్లో రాజదండం పట్టుకుని రాజులుగా నడిచే భాగ్యం మూడో నటులకే దక్కుతుందని ఒక చురక కూడా వేశాడు. ఆ చురక నుంచి మనకు దొరికే సంగతి ఒకటుంది: ఆ కాలానికి పేరున్న నటులు యాంటిగొని పాత్ర తీసుకునేవారు, క్రియోన్ మూడోవాడికి పోయేది. అయినా న్యాయస్థానంలో రాజ్యనీతికి ఆదర్శంగా పనికొచ్చింది క్రియోన్ మాటలే.

ఆ ప్రసంగం కపటమని అనడానికి నాటకంలో ఆధారం లేదు. అతను నమ్మే చెప్పాడు. కాకపోతే పదవే మనిషికి పరీక్ష అని ప్రకటించి, ఆ పరీక్షకు మొదట కూర్చున్నది తనే.

అందరూ అమ్ముడుపోయినవాళ్లే

ఆజ్ఞ విన్న పెద్దలు అవును, కాదు అనకుండా నీకు అధికారం ఉంది, చేసుకో అన్నట్టు మాట్లాడతారు. చావును కోరుకునేంత పిచ్చివాడు ఎవడుంటాడని ఒకమాట కలుపుతారు. దానికి క్రియోన్ జవాబు, డబ్బాశ చాలామందిని ముంచిందని. ఇంకా ఎవరూ ఏ తప్పూ చేయలేదు. లంచం మాట ఎవరూ ఎత్తలేదు. అతని నోటికి మొదట వచ్చింది అదే.

కాసేపటికి కాపలావాడు వస్తాడు. ఈ కబురు ఎవరు మోయాలని తోటివాళ్లతో చీట్లు వేసుకుంటే తన చీటీ వచ్చిందని, దారిలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగాడో చెప్పుకుంటూ అసలు సంగతి దాటేస్తుంటాడు. విషయం చిన్నదే: ఎవరో శవం మీద పలచగా మట్టి చల్లి పోయారు. ఇది దేవుళ్ల పనేమో అని పెద్దలు మెల్లగా అనగానే క్రియోన్ మండిపడతాడు. ఊళ్లో కొందరు ఎన్నాళ్లుగానో తన మీద గొణుగుతున్నారని, కాడికి మెడ వంచకుండా చాటున తలలు విదిలిస్తున్నారని, వాళ్లే కాపలావాళ్లకు డబ్బిచ్చి ఈ పని చేయించారని తీర్మానిస్తాడు. ఆ మాట దగ్గర ఆగి చూడాలి. ఆ తెల్లవారే రాజైనవాడికి ఎన్నాళ్లుగానో గొణుగుతున్న శత్రువులు ఎక్కణ్ణుంచి వచ్చారు? వాళ్లు ఊళ్లో లేరు. అతను గద్దెతో పాటు తెచ్చుకున్న భయంలో ఉన్నారు.

చివరలో జ్యోతిష్యుడు టైరీసియస్ హెచ్చరించడానికి వచ్చినప్పుడూ ఇదే వరస. జోస్యం చెప్పేవాళ్ల జాతే డబ్బు జాతి అంటాడు. టైరీసియస్ మాట విన్నందువల్లే ఇన్నాళ్లూ ఊరు నిలబడిందని కొన్ని నిమిషాల ముందే ఒప్పుకున్నాడు. ఎదురుచెప్పేవాడికి ఒక నమ్మకం ఉండవచ్చునన్నది క్రియోన్ ఊహకు అందదు. డబ్బు తీసుకున్న మనిషి అయితే అందుతాడు, వాణ్ణి బెదిరించవచ్చు, ఉరేయవచ్చు. యాంటిగొని దగ్గర ఈ పథకం పారలేదు. ఆమెకు డబ్బెవరూ ఇవ్వలేదు, ఆమె దాచుకున్నదీ లేదు.

మేనకోడలు

శవం మీద మట్టి చల్లుతూ పట్టుబడ్డ యాంటిగొనిని క్రియోన్ నేరుగా అడుగుతాడు, ఆజ్ఞ తెలుసా అని. తెలుసంటుంది. మనిషి వేసిన చాటింపు దేవుళ్ల రాయని ధర్మాలను దాటలేదన్నది ఆమె వాదం. ధర్మం గురించి ఆమె ఎత్తిన ప్రశ్నకు క్రియోన్ జవాబివ్వడు. అతను మాట్లాడేదంతా లొంగదీయడం గురించి. ఎంత గట్టి ఇనుమైనా కాల్చితే పెళుసుబారి విరుగుతుంది, పొగరుబోతు గుర్రానికి చిన్న కళ్లెం చాలు. ఆ వెంటనే ఇప్పుడు ఈమె శిక్ష లేకుండా బయటపడితే ఈమే మగవాడు, నేను కాదు అన్న అర్థంలో మాట్లాడతాడు. తాను బతికుండగా ఆడదాని పెత్తనం సాగదని మరికాసేపటికి అంటాడు.

ఇక్కడ మాట మారింది. పొద్దున ఊరికీ ద్రోహికీ మధ్య ఉన్న తగువు ఇప్పుడు మగవాడికీ ఆడదానికీ, పెద్దకూ చిన్నకూ మధ్య తగువైంది. ప్రాచీన ఏథెన్స్‌లో శవాన్ని కడిగి సిద్ధం చేయడం, ఏడవడం ఇంటి ఆడవాళ్ల పని. ఆజ్ఞను ఎవరైనా మీరితే ఇంటి ఆడవాళ్లే మీరతారని ఎవరికైనా తోచాలి. క్రియోన్ మాత్రం మొదట్నుంచీ మగవాళ్ల కుట్ర కోసమే వెతికాడు. అనుకోని చోటు నుంచి దెబ్బ తగిలేసరికి ఉక్రోషం పట్టలేకపోయాడు. యాంటిగొని తోబుట్టువు ఇస్మీనీకి ఇందులో చెయ్యి లేదు. లోపల తబ్బిబ్బై తిరుగుతోంది కాబట్టి నేరస్తురాలే అని ఆమెకూ మరణశిక్ష వేస్తాడు. (తర్వాత పెద్దలు గుర్తుచేస్తే వదిలేస్తాడు. కోపం దిగాక సరిదిద్దుకోగలడని చూపే చిన్న సంగతి ఇది. క్రియోన్‌ను వట్టి క్రూరుడిగా ఆడించే దర్శకులు దీన్ని తొందరగా దాటేస్తారు.)

చుట్టరికం మీద అతని ఆలోచన కొడుకుతో సంవాదంలో బయటపడుతుంది. సొంత ఇంట్లో ఎదురుతిరగడాన్ని సహిస్తే బయటివాళ్లను ఎలా అదుపు చేయగలనంటాడు. మేనకోడలు కాబట్టే వదలకూడదు. పక్షపాతం లేదని చూపించుకోవాలన్న తపన అతని తొలి ప్రసంగంలోనే ఉంది; అప్పుడది నీతిగా వినిపించింది. కొత్తగా కుర్చీ ఎక్కినవాడు అయినవాళ్ల మీద మరీ కఠినంగా ఉండటం మనం ఆఫీసుల్లోనూ పంచాయతీల్లోనూ చూసేదే.

కొడుకు

హేమన్ గొడవకు రాలేదు. తండ్రి మాటే తనకు శిరోధార్యమని మొదలుపెడతాడు. నీ ముందు అనలేని మాటలు ఊళ్లోవాళ్లు చీకటిమాటున అనుకుంటున్నారని, యాంటిగొని చేసింది మెచ్చుకోదగ్గ పనే అంటున్నారని చెబుతాడు. వరదలో వంగిన చెట్టు బతుకుతుందని, తెరచాప సడలించని ఓడ బోల్తాపడుతుందని నచ్చజెబుతాడు. తండ్రి తొలి ప్రసంగంలోని ఓడనే కొడుకు తిప్పి చూపిస్తున్నాడు.

నాటకం మొత్తంలో క్రియోన్‌కు దొరికిన అసలైన అవకాశం ఇదే. పరువు పోకుండా వెనక్కి తగ్గే దారి కొడుకే వేసిచ్చాడు. దాన్ని అతను వయసు లెక్కలోకి మార్చేశాడు: ఈ ఈడులో నేను ఈ కుర్రాడి దగ్గర పాఠాలు నేర్చుకోవాలా? ఆ తర్వాత పొట్టి పొట్టి మాటల్లో వాదులాట పెరిగి, ఏం ఆజ్ఞాపించాలో ఊరు నాకు చెబుతుందా అన్నదాకా, ఊరంటే ఏలేవాడి సొత్తే కదా అన్నదాకా వెళ్తుంది. పొద్దున ఊరి కోసం రాజు. మధ్యాహ్నానికి రాజు కోసం ఊరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న పంతం తప్ప ఆ క్షణంలో అతని దగ్గర వేరే రాజనీతి మిగల్లేదు. యాంటిగొనిని బయటికి లాక్కొచ్చి కొడుకు కళ్లముందే చంపిస్తానంటాడు. హేమన్ వెళ్లిపోతాడు.

కోపంలోనూ క్రియోన్ లెక్క తప్పలేదన్నది గమనించాలి. రాళ్లతో చంపించే శిక్షను మార్చి, కొద్దిగా తిండి పెట్టి గుహలో మూసేయమంటాడు. ఊరికి పాపం అంటకుండా ఆ తిండి. రాళ్లు వేయడానికి ఊరివాళ్లు కావాలి, వాళ్లు ఎవరి పక్షమో కొడుకు ఇప్పుడే చెప్పాడు. శిక్ష మారడానికి ఇదీ ఒక కారణమని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు.

వెనక్కి తిరగడం

గుడ్డివాడైన టైరీసియస్ తెచ్చిన కబురు మాటల వాదం కాదు. హోమంలో మాంసం కాలడం లేదు, కొవ్వు కరిగి పొగచూరుతోంది. పక్షులు ఒకదాన్నొకటి చీల్చుకుంటున్నాయి. కుక్కలూ పక్షులూ శవం ముక్కలు తెచ్చి ఊరి హోమకుండాలన్నీ మైల చేశాయి. క్రియోన్ మొండితనం ఇక్కడ తారస్థాయికి చేరుతుంది. గద్దలు ఆ మాంసాన్ని జ్యూస్ దేవుడి సింహాసనం దాకా మోసుకుపోయినా పూడ్చనివ్వనంటాడు. చచ్చినవాణ్ణి పైన ఉంచావు, బతికినదాన్ని కింద పెట్టావు, దీనికి బదులుగా నీ కడుపున పుట్టిన శవాన్ని ఇచ్చుకుంటావని శపించినట్టు చెప్పి జ్యోతిష్యుడు వెళ్లిపోయాకే అతను కదులుతాడు.

ఏం చేయమంటారని పెద్దలను అడుగుతాడు. వాళ్లు చెప్పిన వరస స్పష్టం: ముందు పిల్లను విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. క్రియోన్ తిరగేసి చేస్తాడు. మిగిలిన శవాన్ని కడిగి, పచ్చి కొమ్మలతో కాల్చి, మట్టిదిబ్బ లేపి, ఆపైన గుహకు వెళ్తాడు. అప్పటికి యాంటిగొని ఉరిపోసుకుంది. హేమన్ ఆమెను పట్టుకుని ఏడుస్తున్నాడు. తండ్రిని చూసి మొహాన ఉమ్మి, కత్తి దూసి, వేటు తప్పిపోతే అదే కత్తి తన పక్కలో గుచ్చుకున్నాడు. ఎందుకు ముందు శవం దగ్గరికి వెళ్లాడన్నది పండితుల మధ్య పాత చర్చ. దేవుళ్ల కోపాన్ని ముందు చల్లార్చాలనుకోవడం సహజమేనని ఒక పక్షం. నాకు సబబుగా తోచేది వేరు: పశ్చాత్తాపంలో కూడా అతను మనుషుల్ని కాకుండా ఊరి క్షేమాన్నే, మైలనే లెక్కచూశాడు. ప్రాణంతో ఉన్న ఆడపిల్ల అతని లెక్కలో మళ్లీ రెండో స్థానంలోనే ఉంది.

కబురు విని రాణి యూరిడిసి మాట్లాడకుండా లోపలికి వెళ్లి ఆత్మహత్య చేసుకుంటుంది. చనిపోతూ మెగారియస్ అనే మరో కొడుకు చావుకూ క్రియోన్‌నే తిట్టిందని దూత చెబుతాడు. ఆ పేరు అక్కడొక్కచోటే వినిపిస్తుంది. మరో గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ‘ఫినీషియన్ స్త్రీలు’ నాటకంలో మెనీసియస్ పేరుతో ఇలాంటి కొడుకే ఊరిని కాపాడటానికి ప్రాణమిస్తాడు. అక్కడి క్రియోన్ ఊరు ఏమైనా సరే కొడుకును దాటించేయాలని చూస్తాడు. సోఫోక్లీస్ క్రియోన్ అప్పటికే ఒక కొడుకును ఊరి యుద్ధంలో పోగొట్టుకుని ఉంటే, పాలినీసిస్ మీద అంత కసి ఎందుకో కొంత తెలుస్తుంది. నాటకం ఆ తీగను లాగదు, చివర్లో తల్లి నోట అనిపించి వదిలేస్తుంది.

వ్యాఖ్యానాలు

అరిస్టాటిల్ తన ‘కావ్యశాస్త్రం’లో హేమన్ కత్తి దూసి చంపకుండా మిగలడాన్ని విషాదానికి పనికిరాని మలుపుగా ఉదాహరించాడు, క్రియోన్ మనసు జోలికి పోలేదు. జర్మన్ తాత్వికుడు హెగెల్ ఇక్కడ రెండు న్యాయాలు ఢీకొన్నాయన్నాడు. కుటుంబ ధర్మం యాంటిగొనిది, రాజ్య ధర్మం క్రియోన్‌ది. ఇద్దరిదీ సగం సత్యమే. ఈ వాదానికి పలుకుబడి ఎక్కువ. కానీ హెగెల్ చూసిన క్రియోన్ మొదటి ప్రసంగంలోని క్రియోన్. కొడుకుతో వాదులాడేవాడు రాజ్య ధర్మానికి ప్రతినిధిగా నిలబడలేడు. గ్రీకు సాహిత్య పండితుడు బెర్నార్డ్ నాక్స్ 1964లో సోఫోక్లీస్ నాయకుడి లక్షణం లొంగకపోవడమని, చివరికి లొంగిన క్రియోన్ ఆ కోవకు రాడని వాదించాడు. తాత్వికురాలు మార్తా నుస్‌బామ్ 1986లో రాసిన పుస్తకంలో క్రియోన్, యాంటిగొని ఇద్దరూ బతుకులోని చిక్కుముళ్లను ఒకే విలువకు కుదించుకున్నారంది. క్రియోన్‌కు మటుకు ఇది బాగా అతుకుతుంది: అతనికి మంచి అంటే ఊరికి పనికొచ్చేది, చెడు అంటే పనికిరానిది, కొడుకైనా కోడలైనా ఆ తక్కెడలోకే రావాలి.

సోఫోక్లీస్ మరో రెండు నాటకాల్లోనూ క్రియోన్ ఉన్నాడు, కానీ ఆ మూడూ ఒకేసారి రాసినవి కావు, మనిషీ ఒకడు కాడు. ‘ఈడిపస్ రాజు’లో అతను రాజరికం ఎందుకు, రాజుతో సమానమైన మర్యాద దిగుల్లేకుండా దొరుకుతుంటే అని తర్కించే నెమ్మదస్తుడు. సోఫోక్లీస్ పోయాక క్రీ.పూ. 401లో ఆడిన ‘కొలొనస్‌లో ఈడిపస్’లో ఆడపిల్లల్ని ఎత్తుకుపోయే దుర్మార్గుడు. కాబట్టి ఒక నాటకంలోని ఉద్దేశాన్ని మరో నాటకం ఆధారంగా తేల్చడం ప్రమాదం.

తర్వాతి క్రియోన్‌లు

ఇరవయ్యో శతాబ్దం ప్రతి క్రియోన్‌కూ కొత్త కారణం వెతికింది. జర్మన్ ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1944లో ఆడిన ఫ్రెంచ్ నాటకకర్త జాన్ ఆనూయ్ నాటకంలో రాజు అలసిపోయిన ఉద్యోగి. అన్నదమ్ములిద్దరూ పనికిమాలినవాళ్లేనని, ఏ శవం ఎవరిదో కూడా పోల్చుకోలేకపోయామని యాంటిగొనికి చెబుతాడు. ఎవరో ఒకరు ఈ పని చేయాలి కాబట్టి చేస్తున్నాడు. 1948లో స్విట్జర్లాండ్‌లోని కూర్‌లో జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ ఆడించిన రూపంలో అతను ఆర్గోస్ గనుల మీద కన్నేసి యుద్ధం మొదలుపెట్టినవాడు. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైలు ఖైదీలు ‘యాంటిగొని’ ఆడినప్పుడు క్రియోన్ వేషం కట్టింది నెల్సన్ మండేలా. 1973లో అథల్ ఫుగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ న్ట్‌షోనా కలిసి రూపొందించిన ‘ద ఐలండ్’ నాటకంలో ఇద్దరు ఖైదీలు జైల్లో ‘యాంటిగొని’ ఆడటానికి సిద్ధమవుతుంటారు.

మూలానికి దగ్గరగా వచ్చిన కొత్త రూపం, నా లెక్కలో, కమిలా షంసీ 2017లో రాసిన ‘హోమ్ ఫైర్’ నవల. అందులో క్రియోన్ స్థానంలో ఉన్న కరామత్ లోన్ పాకిస్తానీ ముస్లిం కుటుంబం నుంచి వచ్చి బ్రిటన్ హోం మంత్రి అయినవాడు. ఉగ్రవాద ముఠాలో చేరి చనిపోయిన బ్రిటిష్ కుర్రాడి శవాన్ని దేశంలోకి రానివ్వడు, శవం కరాచీ చేరుతుంది. ఆ కుర్రాడి కవల సోదరితో తన కొడుకే ప్రేమలో ఉన్నా వెనక్కి తగ్గడు. తన విధేయతను ఎవరూ శంకించకూడదు కాబట్టే తగ్గడు.